కట్టెల దిగుమతి లెక్కలు చదవడం ఎలా? బ్రిటన్ ఉదాహరణ

ఒక దేశం ఇంధనం కోసం ఏటా ఎంత గట్టి కలపను దిగుమతి చేసుకుంటోందో తెలుసుకోవడానికి కస్టమ్స్ పట్టిక చూస్తే చాలుననిపిస్తుంది గానీ, ఆ పట్టికలో అంకెలు పెరగడానికీ తగ్గడానికీ కట్టెల వాడకంతో సంబంధమే లేని కారణాలు తరచు ఉంటాయి. బ్రిటన్‌లో ఈ కట్టెలు వంటకు కాదు, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఇనుప పొయ్యిలకు. లాత్వియా, లిథువేనియా, ఎస్టోనియాల నుంచి బట్టీలో ఆరబెట్టిన బర్చ్, ఆల్డర్, యాష్ కట్టెలు అక్కడికి వస్తాయి.

మొదట సరుకు కోడ్‌ను, అంటే కస్టమ్స్ పట్టికలో ఒక్కో రకం సరుకుకు ఇచ్చే సంఖ్యను సరిచూసుకోవాలి. మీకు కావలసింది 4401.12, అంటే పైన్, స్ప్రూస్ వంటి శంఖుఫల జాతులు కాని చెట్ల వంటచెరకు. ఇక్కడ ‘గట్టి’ అన్నది చెట్టు జాతిని బట్టి వచ్చిన మాటే తప్ప చేతికి తెలిసే గట్టిదనం కాదు. అగ్గిపుల్లలకు వాడే మెత్తని బూరుగు ఈ కోడ్ కిందికే వస్తుంది. సూదుల్లాంటి రెమ్మలతో పైన్‌ను తలపించే మన కోస్తా సరుగుడు కూడా ఇందులోదే. ఈ విభజన 2017లో మొదలైంది. అంతకుముందు అన్ని రకాల కట్టెలూ 4401.10 కింద కలిసే ఉండేవి. కాబట్టి 2010 నుంచి నేటి వరకు గట్టి కలపకు ఒకే గీత గీసిన గ్రాఫ్ కనిపిస్తే అనుమానించండి. విద్యుత్ కేంద్రాలకు వెళ్లే పెల్లెట్లు (రంపపు పొట్టును ఒత్తి చేసిన చిన్న గుళికలు) 4401.31 కింద ఉంటాయి. యార్క్‌షైర్‌లోని డ్రాక్స్ కేంద్రం ఒక్కటే ఏటా లక్షల టన్నులు కాలుస్తుంది గనుక, వాటిని కలిపితే ఇళ్లకు వెళ్లే కట్టెల లెక్క అందులో కొట్టుకుపోతుంది. 2022లో బ్రికెట్లకు (అదే పొట్టును ఒత్తి చేసిన పెద్ద దిమ్మలకు) 4401.32 అనే సొంత కోడ్ వచ్చింది.

తరువాత నెలవారీ బరువునూ విలువనూ రెండింటినీ తీసుకుని, విలువను బరువుతో భాగించి టన్ను ధర కట్టండి. విలువ పెరిగి బరువు పెరగకపోతే అది ధర కథే. 2022లో గ్యాస్ ధరలు మండిపోవడం, రష్యా, బెలారస్ కలపను ఐరోపా సమాఖ్య నిషేధించడం ఒకే ఏడాదిలో జరిగాయి. ఆ ఏటి విలువను మాత్రమే చూస్తే తప్పుదారి పడతారు. కట్టెల కొనుగోలు చలికాలానికి ముడిపడినది కనుక, జనవరి నుంచి డిసెంబరు వరకు కాక జులై నుంచి జూన్ వరకు కూడితే ఒక చలికాలం రెండు ముక్కలు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది తేమ. కట్టెల అడితిలో పచ్చి కట్టె తూకం వేయించుకున్న వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. సగం బరువు నీరే ఉన్న 1,000 కిలోల పచ్చి కట్టెలో అసలు కలప 500 కిలోలు; తేమ 20 శాతానికి దిగేలా ఆరబెడితే అదే కట్టె 625 కిలోలు తూగుతుంది. అంటే ఒక్క పుల్ల తగ్గకుండానే పట్టికలో బరువు 37.5 శాతం పడిపోవచ్చు. ఇంగ్లండ్‌లో 2021 మే 1 నుంచి 2 ఘనపు మీటర్ల కన్నా తక్కువ పరిమాణంలో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదన్న నిబంధన అమలవుతోంది. కాబట్టి ఆ తేదీకి ముందూ తరువాతా టన్నులను పోల్చేటప్పుడు వచ్చిన కట్టె పచ్చిదా ఎండుదా అని విచారించాలి. ఘనపు మీటర్లలో ఇచ్చిన లెక్కలకు వేరే చిక్కుంది: పేర్చిన కట్టెల మధ్య గాలి ఉంటుంది, కుమ్మరించిన కుప్పలో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఏ మీటరో తెలియకుండా టన్నుల్లోకి మార్చకండి.

చివరగా, లెక్క రాసే పద్ధతి మారిందేమో చూడాలి. ఐరోపా సమాఖ్య నుంచి ఏటా 15 లక్షల పౌండ్లకు మించి సరుకు తెప్పించే వ్యాపారులే ఒకప్పుడు సరుకువారీ వివరాలు ఇచ్చేవారు. చిన్న కట్టెల వ్యాపారులు ఆ వివరాల్లో కనిపించేవారు కారు. 2022 జనవరి నుంచి ఆ దిగుమతుల లెక్క కస్టమ్స్ పత్రాల ఆధారంగా తయారవుతోంది. అందువల్ల ఆ నెలలో గీత ఒక్కసారిగా ఎగిరినా, దానికి చలి కారణమని రాసేముందు లాత్వియా తన వైపు నుంచి ‘బ్రిటన్‌కు ఎగుమతి’గా చూపిన బరువుతో దీన్ని పోల్చి చూడండి. ఎగుమతి విలువలో సాధారణంగా ఓడ కిరాయి, బీమా ఉండవు గనుక విలువలు కలవవు, పోల్చవలసింది బరువునే. అక్కడ పెరుగుదల లేకుండా ఇక్కడ మాత్రమే ఉంటే, పెరిగింది కట్టెలు కాదు, కాగితాలు.