లిప్ బామ్ రవ్వ కట్టిందా? ముందు మణికట్టు మీద రాసి చూడండి

వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించడం మీకు వచ్చనే లెక్కతో రాస్తున్నది ఇది. కొలతలన్నీ 100 గ్రాముల మిశ్రమానికి: తేనెమైనం 22, షియా బటర్ (ఆఫ్రికా షియా చెట్టు గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) 28, కొబ్బరినూనె 25, బాదం నూనె 25 గ్రాములు. సంక్రాంతి పేరంటంలో తాంబూలంతో పాటు ఇవ్వడానికి ఈ పాళ్ళు సరిపోతాయి. 10 మిల్లీలీటర్ల డబ్బీలో పట్టేది 9 గ్రాములే. గిన్నెకు అంటుకున్నది పోగా పది డబ్బీలు నిండుతాయి.

మరీ మెత్తగా ఉంది, వేలు పెడితే దిగబడుతోంది

మైనాన్ని కాటా మీద తూచారా, చెంచాతో కొలిచారా? మిగతా అనుమానాలన్నీ దీని తర్వాతే. తురిమిన మైనం చెంచాలో సగం గాలే. అదే చెంచాలో గడ్డ ముక్కలు పోస్తే ఇంకో బరువు. ఒక గ్రాము వరకు చూపే వంటింటి కాటా చాలు, కానీ అది లేకుండా మొదలుపెట్టొద్దు.

రెండో పొరపాటు గట్టిదనం చూసే పరీక్షలో జరుగుతుంది. కరిగిన మిశ్రమం చుక్కను ఫ్రిజ్‌లో పెట్టిన ప్లేటు మీద వేసి గట్టిపడింది కదా అనుకుంటారు. ఫ్రిజ్ చలికి కొబ్బరినూనె కూడా రాయిలా గడ్డకడుతుంది. చుక్కను మామూలు స్టీలు ప్లేటు మీద వేసి, గదిలోనే పావుగంట ఉంచి నొక్కి చూడండి. మెత్తగా ఉంటే 3 గ్రాముల మైనం కలిపి మళ్ళీ కరిగించండి. ఉగాది దాటాక కూడా వాడాల్సినదైతే మైనం 28, షియా 22, కొబ్బరినూనె 15, ఆముదం 15, బాదం నూనె 20 గ్రాములు వేసుకోండి. తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో మొదటి పాళ్ళు నిలవవు.

ఎదురు సమస్య, అంటే పెదవి మీద జారకుండా పట్టేస్తుంటే, 5 గ్రాముల బాదం నూనె కలిపితే సరి.

చేసిన రోజు వెన్నలా ఉంది, పది రోజులకు రవ్వ కట్టింది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎందుకంటే అప్పటికి డబ్బీలు పంచేసి ఉంటారు.

చిటికెడు తీసి మణికట్టు మీద రాయండి. రెండుమూడు రుద్దులకు రవ్వ కరిగిపోతే అది షియా కొవ్వే. కరగకుండా గరగరలాడితే మీరు వేసిన పొడి ఏదో అడుగున పేరుకుంది. ఈ పరీక్ష చేయకుండా మైనాన్ని అనుమానించి పారేసేవాళ్ళు చాలామంది. మైనం పాపం ఇందులో ఏమీ లేదు.

షియాలో ఉన్నది ఒక్క రకం కొవ్వు కాదు. కొన్ని త్వరగా గడ్డకడతాయి, కొన్ని ఆలస్యంగా. మిశ్రమం నిదానంగా చల్లారితే ముందు గడ్డకట్టేవి ఒకచోట చేరి గింజలవుతాయి. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర పగలు అంతకన్నా వేడి, రాత్రి అంతకన్నా చల్లన. కిటికీ పక్కనో స్కూటర్ డిక్కీలోనో ఉన్న డబ్బీ రోజూ సగం మెత్తబడి, రాత్రికి మెల్లగా బిగుస్తుంది. కరగకుండా మిగిలిన కణాల చుట్టూ మిగతా కొవ్వు చేరుతుంది. అందుకే మొదటి రోజు కనిపించని రవ్వ పదో రోజుకు కనిపిస్తుంది.

దీనికి మూలం చాలాసార్లు పొయ్యి దగ్గరే ఉంటుంది. మైనం కరిగింది కదా అని వెంటనే దించేస్తారు. షియాలోని గట్టి కణాలు పూర్తిగా విడిపోవాలంటే 75 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. థర్మామీటర్ లేకపోతే కింది నీళ్ళు తెర్లకుండా, అంచుల్లో చిన్న బుడగలు లేచేంత మంట పెట్టండి.

రవ్వ కట్టినదాన్ని పారేయక్కర్లేదు. మొత్తం తీసి అదే వేడిలో 20 నిమిషాలు ఉంచండి. దించి, చన్నీళ్ళ గిన్నెలో పెట్టి కలుపుతూ ఉండండి. లోపలికి ఒక్క చుక్క నీరు పడకూడదు. అంచున పల్చటి పొర కనిపించగానే డబ్బీల్లో పోసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు, పగుళ్ళిస్తుంది. బయటికి తీసేముందే మూతలు పెట్టేయండి. తీశాక పెడితే గాలిలోని తేమ బామ్ మీదే చెమ్మగా దిగుతుంది. సువాసన నూనె ఈ వేడికి చాలావరకు ఎగిరిపోతుంది కాబట్టి పోసేముందు మళ్ళీ కలపాలి.

ఆ తర్వాత ఒక డబ్బీని పది రోజులు వసారాలో పగలూ రాత్రీ ఉంచండి. అది నున్నగా నిలిస్తేనే మిగతావి పంచండి. పండక్కి మూడు వారాల ముందే మొదలుపెట్టమనేది ఇందుకే. అప్పటికీ రవ్వ వస్తుంటే షియా బదులు మ్యాంగో బటర్ (మామిడి టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వు) వాడండి, దానికి ఈ గుణం తక్కువ.

రంగు అడుగుకు దిగింది, లేదా బూజు వచ్చింది

బీట్‌రూట్ రసం వేశారు. రసమంటే నీళ్ళు, నూనెలో కలవదు, బూజుకు మేత. తేనె కూడా అంతే, విడిపోయి అడుగున జిగటగా మిగులుతుంది. బూజు పట్టినదాన్ని పారేయండి, మళ్ళీ కరిగించి వాడొద్దు. విటమిన్ ఇ నూనెను ముక్కిపోకుండా కాస్త కాపాడుతుంది గానీ బూజును ఆపదు. ఎర్రచందనం పొడి మన ఊళ్ళో అందరికీ ముందు తోచేది, కానీ దాని రంగు నూనెలోకి దిగదు, గరగర మిగులుతుంది. రతన్‌జోత్ వేరును బాదం నూనెలో గోరువెచ్చగా గంటసేపు ఉంచి, గుడ్డలో వడకడితే చక్కని ఎరుపు వస్తుంది.

మిగతావి

ట్యూబు మధ్యలో గుంట పడితే పైపొర ముందే బిగుసుకుందని అర్థం. కొంచెం మిశ్రమం అట్టేపెట్టుకుని రెండోసారి నింపండి. పెదవి మండితే పుదీనా నూనె ఎక్కువైంది. 100 గ్రాములకు 10 చుక్కలు దాటొద్దు. లవంగం, దాల్చినచెక్క నూనెలు పెదవులకు వద్దే వద్దు. నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమలొచ్చు.

డబ్బీ మీద చేసిన తేదీతో పాటు బాదం నూనె ఉందని తప్పకుండా రాయండి. అది పడనివాళ్ళు ఉంటారు.