ఇంజను విప్పి కూర్చడం, 7వ పాఠం: బేరింగు సైజు ఎలా తేల్చాలి?

పోయిన పాఠంలో క్రాంక్‌ను, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసును దించాం, కిరోసిన్‌తో కడిగాం, బేరింగులను బిగించి పట్టే క్యాపులకు వరుస నంబర్లు వేసుకున్నాం. ఇప్పుడు ఆ క్రాంక్‌కు ఏ సైజు బేరింగులు కొనాలో తేల్చాలి.

మన ఒంగోలు, నెల్లూరు షెడ్లలో చాలామంది చేసే పని ఒకటుంది. పాత షెల్‌ను, అంటే అర్ధచంద్రాకారంలో ఉండే బేరింగు సగాన్ని తిప్పి, వెనక ఉన్న అంకె చదివి, అదే సైజు కొనుక్కొచ్చేస్తారు. ఆ అంకె చెప్పేది పోయినసారి ఎవరు ఏం వేశారన్న సంగతే. ఇన్నేళ్లలో జర్నల్ (క్రాంక్ మీద బేరింగు లోపల తిరిగే గుండ్రటి భాగం) ఎంత అరిగిందో దానికి తెలియదు. చీమకుర్తి క్వారీల మధ్య తిరిగిన బండి అయితే మరీ జాగ్రత్త పడాలి. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఆ రాతి దుమ్ము ఆయిల్‌లో కలిసి జర్నల్ మీద గోటికి తగిలేంత గీతలు పెడుతుంది. కాబట్టి ముందు కొలత, తర్వాతే కొనుగోలు.

కొలతకు 0.001 మిల్లీమీటర్ వరకు చూపే మైక్రోమీటర్ కావాలి. వెర్నియర్ క్యాలిపర్ ఈ పనికి చాలదు. ప్రతి జర్నల్‌ను రెండు చివర్లా కొలవండి. ప్రతి చోటా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అంటే జర్నల్‌కు నాలుగు కొలతలు. నిలువుకూ అడ్డానికీ తేడా వస్తే జర్నల్ కోలగా అరిగినట్టు, చివరకూ చివరకూ తేడా వస్తే ఏటవాలుగా అరిగినట్టు. నాలుగూ రాసుకోండి, సగటు మాత్రం తీయకండి. సగటు తీస్తే మనం వెతుకుతున్న లోపమే కనిపించకుండా పోతుంది.

ఒక లెక్క చేద్దాం. బిగ్ ఎండ్ జర్నల్ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునేది) స్టాండర్డ్ కొలత 41.982 నుంచి 42.000 మిల్లీమీటర్లు, ఆయిల్ క్లియరెన్స్, అంటే జర్నల్‌కూ షెల్‌కూ మధ్య ఆయిల్ నిలిచే ఖాళీ, 0.020 నుంచి 0.050 అనుకోండి. ఇవి లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు. మీ ఇంజను అంకెలు దాని మాన్యువల్‌లోనే చూడాలి. మూడు జర్నళ్లు 41.98 దగ్గర ఉన్నాయి. నాలుగోది నిలువుగా 41.93, అడ్డంగా 41.97. అంటే 0.04 కోల. దాని మీద ఏ కొత్త షెల్ వేసినా నిలవదు, గ్రైండింగ్, అంటే జర్నల్‌ను సానబట్టి సన్నగా దించడం, తప్పదు. 0.25 అండర్‌సైజుకు దించితే జర్నల్ 41.732, 41.750 మధ్యకు వస్తుంది. మన అతి తక్కువ కొలత 41.93 కనుక అరుగుదలంతా పోవడానికి లోహం ఉంది. గీత లోతుగా ఉండి 0.25తో పోకపోతేనే 0.50కు వెళ్లాలి. షెల్లు సెట్టుగా వస్తాయి కనుక నాలుగు బిగ్ ఎండ్ జర్నళ్లనూ ఒకే సైజుకు దించాలి. మెయిన్ జర్నళ్లు (బ్లాక్‌లో కూర్చునేవి) బాగుంటే వాటిని స్టాండర్డ్‌లోనే ఉంచుకోవచ్చు. ఆ రెండూ వేర్వేరు సైజుల్లో ఉండటం తప్పేమీ కాదు.

పేరు దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. అండర్‌సైజు అంటే షెల్ పలచనిదని కాదు. సన్నబడినది జర్నల్, ఆ లోటు పూడ్చడానికి షెల్ మందంగా ఉంటుంది. అదీ రెండు సగాలుగా పంచుకుని, 0.25 సెట్టులో ఒక్కో షెల్ 0.125 మాత్రమే ఎక్కువ మందం. షాపులో ‘పది’, ‘ఇరవై’ అనేది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పది అంటే 0.254 మిల్లీమీటర్లు, అంటే మన 0.25.

స్టాండర్డ్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటే కాదు. మారుతి ఎస్టీమ్ కారులో వచ్చిన సుజుకి జీ13 ఇంజన్లలో స్టాండర్డ్ మెయిన్ షెల్లే ఐదు మందాల్లో ఉంటాయి, రంగు చుక్కతో గుర్తుపడతాం. క్రాంక్ మీద అంకె, బ్లాక్ మీద అక్షరం ఉంటాయి. ఆ రెంటినీ మాన్యువల్ పట్టికలో కలిపి చూస్తే ఏ రంగు షెల్ వేయాలో వస్తుంది.

ఇక నేను పాఠంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో నెల్లూరులో గ్రైండింగ్ చేయించిన క్రాంక్ ఒకటి ట్రాలీ ఆటోలో కావలి షెడ్డుకు వచ్చింది. చెయ్యి పెడితే కాలుతోంది. ఆగకుండా కొలిచాను, 41.757 చూపింది. నీడలో ఉన్న కనెక్టింగ్ రాడ్‌కు కొత్త షెల్లు బిగించి కొలిస్తే లోపలి వ్యాసం 41.775. క్లియరెన్స్ 0.018 మాత్రమే, బిగువుగా ఉందనుకుని వెనక్కి పంపాను. వాళ్లు 0.025 తీసి పంపారు. మర్నాడు తెల్లవారుజామున చల్లటి క్రాంక్‌ను కొలిస్తే 41.720, క్లియరెన్స్ 0.055! ఉక్కు మీటరుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 11.5 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) పెరుగుతుంది. 42 మిల్లీమీటర్ల జర్నల్ పాతిక డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 0.012 పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి మొదటి గ్రైండింగే సరైనది, క్లియరెన్స్ 0.030 ఉంది. ఆ క్రాంక్‌ను 0.50కు దించక తప్పలేదు, ఒక సైజు ఆయువు నా తొందర వల్ల పోయింది. అందుకే క్రాంక్, రాడ్లు, షెల్లు, మైక్రోమీటర్ నాలుగూ ఒకే బల్ల మీద రాత్రంతా ఉంచి, పొద్దున్నే కొలవండి.

గ్రైండింగ్‌కు ముందే షెల్లు కొని చేతిలో పెట్టుకోండి. 0.25కు దించాక ఆ సెట్టు దొరకకపోతే మళ్లీ దించాల్సి వస్తుంది. షెల్లు వేసి, టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించాకే లోపలి వ్యాసం కొలవాలి. అదీ అతుకుకు లంబంగా, ఎందుకంటే అతుకు దగ్గర షెల్‌ను కావాలనే కొంచెం పలచగా చేస్తారు. బోర్ గేజ్ లేకపోతే ప్లాస్టిగేజ్ అనే మెత్తటి ప్లాస్టిక్ దారం వాడవచ్చు. పొడి జర్నల్ మీద పెట్టి, క్యాప్ బిగించి విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది కొలబద్దతో పోల్చాలి. మధ్యలో క్రాంక్‌ను కదిపారా, ఆ కొలత పనికిరాదు.

క్లియరెన్స్ తక్కువైతే ఆయిల్ పొర నిలవక బేరింగ్ పట్టేస్తుంది. ఎక్కువైతే ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కింద నుంచి కొట్టుకునే చప్పుడు మొదలవుతుంది.

వచ్చే పాఠం లోపు ఒక పాత క్రాంక్ సంపాదించండి, పాత ఇనుము కొట్లో దొరుకుతుంది. దాని బిగ్ ఎండ్ జర్నళ్లన్నీ పొద్దున ఒకసారి, రెండు గంటలు ఎండలో ఉంచి ఇంకోసారి కొలిచి, రెండు పట్టికలూ పక్కపక్కన రాయండి. 8వ పాఠంలో ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకునే క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే త్రస్ట్ వాషర్ల మందం లెక్కకడదాం.