ఒక్క మార్జిన్ అంకె చాలదు: హోల్డింగ్ కంపెనీ నిర్వహణ లాభం లెక్క తీసే పద్ధతి

చెన్నైలో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనగానే అంబత్తూరు, బీఎస్ఏ, హెర్క్యులెస్ సైకిళ్లు గుర్తొస్తాయి. లెక్కలు తెరిస్తే సైకిలు అందులో చిన్న ముక్క. ఉక్కు ట్యూబులు, చెయిన్లు, కోయంబత్తూరు శాంతి గేర్స్, 2020లో చేతికొచ్చిన సీజీ పవర్ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మోంట్రా ఎలక్ట్రిక్ ఆటోలు, అన్నీ ఒకే పద్దులో చేరతాయి. వీటన్నిటికీ కలిపి ఒక్క మార్జిన్ (అమ్మకాల్లో లాభం శాతం) కట్టడం సాంబారూ పాయసమూ కలిపి ఉప్పు చూసినట్టే.

స్టాండలోన్ (మాతృసంస్థ ఒక్కదానివి), కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలనూ కలిపినవి) ఫలితాలు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. స్టాండలోన్‌లో అనుబంధ కంపెనీలు ఇచ్చిన డివిడెండ్ 'ఇతర ఆదాయం'లోకి వస్తుంది. కన్సాలిడేటెడ్‌లో అది రద్దవుతుంది గానీ డిపాజిట్ల వడ్డీ, ఫండ్ల లాభం మిగిలే ఉంటాయి. ఇవేవీ ఫ్యాక్టరీ సంపాదన, అంటే నిర్వహణ లాభం, కావు, తీసేయండి. అసోసియేట్ల (పూర్తి పట్టు లేకుండా కొంత వాటా ఉన్న కంపెనీల) లాభంలో వాటా, అసాధారణ పద్దులు కూడా అంతే. కంపెనీలు చెప్పే ఎబిట్‌డాను (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) యథాతథంగా తీసుకోవద్దు. ఒకరు ఇతర ఆదాయం కలుపుతారు, ఇంకొకరు కలపరు.

తర్వాత సెగ్మెంట్ (వ్యాపార విభాగాల) పట్టిక. ప్రతి సెగ్మెంట్ ఫలితాన్ని దాని అమ్మకాలతో భాగించండి. సెగ్మెంట్ల అమ్మకాలు కూడితే మొత్తానికి మించితే కంగారు పడొద్దు, ఒక విభాగం ఇంకో విభాగానికి అమ్మిన సరుకు అందులో ఉంటుంది. ఎక్కువమంది జారేది పట్టిక అడుగున, 'ఏ సెగ్మెంటుకూ కేటాయించని ఖర్చు' దగ్గర. ఊహకు ఒక లెక్క: అమ్మకాలు 1,600 కోట్లు, సెగ్మెంట్ల లాభం 110 కోట్లు, కేటాయించని ఖర్చు 25 కోట్లు. 6.9 శాతం అనుకున్నది 5.3కి దిగుతుంది.

ఉక్కు వ్యాపారంలో శాతాన్ని అసలు నమ్మకండి. టన్ను ట్యూబు 80,000 రూపాయలకు అమ్మి 8,000 మిగిల్చుకుంటే మార్జిన్ 10 శాతం. ఉక్కు ధర 20,000 తగ్గిందనుకోండి. వాహన కంపెనీలతో ఒప్పందాల్లో ఉక్కు ధర మార్పును కొనేవారికే మళ్లించడం మామూలు కాబట్టి అమ్మకం ధర 60,000 అవుతుంది, మిగులు అదే 8,000. మార్జిన్ 13.3 శాతం! పనితనం వీసమెత్తు పెరగలేదు. ఉక్కు పెరిగినప్పుడు ఇదే తిరగబడుతుంది, మంచి ఏడాది కూడా చెడ్డదిగా కనబడుతుంది. టన్నుకు మిగులు చూడండి. టన్నుల లెక్క కంపెనీ ఇవ్వకపోతే సెగ్మెంట్ ఆస్తుల్లోంచి ఆ సెగ్మెంట్ చెల్లించాల్సిన బాకీలు (లయబిలిటీలు) తీసేసి, మిగిలిన పెట్టుబడి మీద రాబడి కట్టండి. అంకెలు ఆ పట్టిక కిందే ఉంటాయి.

చివరగా వాటాల సంగతి. సీజీ పవర్‌లో మాతృసంస్థకు సగానికి పైగా వాటా ఉంది, మొత్తం లేదు. అయినా దాని అమ్మకాలు, నిర్వహణ లాభం నూటికి నూరుపాళ్లూ కన్సాలిడేటెడ్‌లో కలుస్తాయి. బయటి వాటాదారుల భాగాన్ని పన్ను కట్టాక, లాభనష్టాల ఖాతా అట్టడుగున విడదీస్తారు. అలా విడదీయకముందున్న నిర్వహణ లాభాన్ని మాతృసంస్థ షేరు ధరతో పోల్చారంటే ఇతరుల సొమ్మును కూడా మీ ఖాతాలో వేసుకున్నట్టే.