శ్రీకాకుళం, విజయనగరం నుంచి శాంటియాగో కాలినడక యాత్ర: గైడుతో వెళ్ళేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, గలీసియా ప్రాంతంలో ఉన్న శాంటియాగో దె కాంపోస్తెలా నగరానికి ఐరోపా నలుమూలల నుంచి వచ్చి చేరే కాలిబాటలన్నిటినీ కలిపి కమీనో అంటారు. జెబెదయి కుమారుడూ, యేసు పన్నెండుమంది శిష్యులలో ఒకడూ అయిన యాకోబు సమాధి అక్కడి కథీడ్రల్‌లో ఉన్నదన్న నమ్మకం 9వ శతాబ్దం నుంచి కొనసాగుతున్నది. ఈ బాటలలో ఎక్కువమంది నడిచేది ఫ్రాన్సు సరిహద్దు నుంచి వచ్చే ఫ్రెంచి బాట. దాని పూర్తి పొడవు సుమారు 780 కిలోమీటర్లు. అంత దూరం నడవాలంటే నెల రోజులకు పైగా పడుతుంది కనుక, సెలవు తక్కువగా ఉన్నవారు, వయసు పైబడినవారు చివరి 115 కిలోమీటర్లను, అంటే సారియా పట్టణం నుంచి శాంటియాగో వరకు ఉన్న భాగాన్ని ఎంచుకుంటారు. ఈ వ్యాసం ఆ భాగాన్ని ఏదైనా యాత్రా సంస్థ గైడుతో కలిసి నడవదలచుకున్న మన జిల్లాల వారి కోసం.

ముందుగా చాలామంది అడిగే సందేహం ఒకటి తీర్చాలి. బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, పాలకొండ ప్రాంతాలలోని పాత సంఘాలు ఎక్కువగా కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాలం నాటివి. వాటిలో పునీతుల సమాధులకు యాత్ర చేసే సంప్రదాయం లేదు. కథోలిక విచారణలలో అది ఉన్నది. అయితే కమీనోలో నడవడానికి కథోలికులే కావాలన్న నియమం లేదు, అసలు క్రైస్తవులే కావాలని కూడా లేదు. నడక ముగిశాక ఇచ్చే కాంపోస్తెలా అనే లాటిన్ ధ్రువపత్రాన్ని మాత్రం భక్తి కారణంగానో ఆధ్యాత్మిక అన్వేషణగానో నడిచామని చెప్పినవారికి ఇస్తారు. తక్కినవారికి వేరే పత్రం ఉంటుంది. శాంటియాగో కథీడ్రల్‌లో జరిగే యాత్రికుల పూజలో ఎవరైనా కూర్చోవచ్చు కానీ అందులో పంచే సత్ప్రసాదం (పవిత్ర రొట్టె) కథోలికులకే.

ఇక సంస్థను ఎంచుకోవడం. గైడు, సామాను మోసే వాహనం, ముందే ఖరారైన హోటలు గదులు, ఉదయపు ఫలహారం, చాలావరకు రాత్రి భోజనం, ఇవన్నీ ప్యాకేజీలో వస్తాయి. ఇవన్నీ ఎవరో ఒకరు మీకోసం చేసిపెట్టేవే. నిన్న ఇరవై నాలుగు కిలోమీటర్లు నడిచిన కాళ్ళతో ఈ ఉదయం మళ్ళీ లేచి నడవడం మాత్రం ఎవరూ చేసిపెట్టలేరు. అందుచేత ధర, హోటలు నక్షత్రాల కంటె ముందుగా రోజువారీ దూరాల పట్టికను తెప్పించుకుని చూడాలి. మామూలు విభజనలో సారియా నుంచి పోర్తోమరీన్‌కు 22, అక్కడి నుంచి పలాస్ దె రేయ్‌కు 25, ఆపైన అర్సువాకు 29, పెద్రౌసోకు 19, శాంటియాగోకు 20 కిలోమీటర్లు ఉంటాయి. మూడవ రోజు 29 కిలోమీటర్లే చాలామందిని దెబ్బతీస్తుంది, ఎందుకంటే అప్పటికి బొబ్బలు లేచి, మోకాళ్ళు బిగిసి ఉంటాయి. ఆ రోజును మెలీదె పట్టణం దగ్గర రెండుగా విరిచి, ఆరు రోజుల నడకగా పెట్టే సంస్థ దొరికితే, కొంత ఎక్కువ ఖర్చయినా దానినే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

సంస్థను తప్పక అడగవలసినది మరొకటి ఉన్నది. కొన్ని ప్యాకేజీలు పిరనీస్ పర్వతాల దగ్గర మొదలుపెట్టి, అందమైన భాగాలలో నడిపించి, తక్కిన దూరాన్ని బస్సులో దాటిస్తాయి. అందులో తప్పు లేదు. కానీ ధ్రువపత్రం కావాలంటే శాంటియాగో చేరే చివరి 100 కిలోమీటర్లు మధ్యలో తెగకుండా నడిచి తీరాలి. సాయంత్రం అలసిపోయి వాహనమెక్కి దూరంగా ఉన్న హోటలుకు వెళ్ళవచ్చు. అయితే మరునాడు ఉదయం సరిగ్గా ఆగిన చోటికే తెచ్చి దింపాలి. ఈ మాటను డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం ఉత్తమం. విదేశీ టూరు ప్యాకేజీకి కట్టే సొమ్ముపై టీసీఎస్, అంటే చెల్లించే చోటనే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేస్తారు. దానిని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కనుక రసీదు దాచుకోవాలి.

వీసా విషయం త్వరగా చెప్పుకోవచ్చు. కావలసినది షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని పలు దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ఎక్కువ రోజులు ఉండేది స్పెయిన్‌లోనే కాబట్టి ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు కానీ ఆఖరి నెలకు వదిలితే అపాయింట్‌మెంటు దొరకడమే కష్టమవుతుంది. పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, వేలిముద్రలకు స్వయంగా వెళ్ళాలి. గత 59 నెలలలో షెంగెన్ వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి ఉంటే సాధారణంగా మళ్ళీ అడగరు.

ఏ నెలలో వెళ్ళాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. జూలై, ఆగస్టులలో రద్దీ ఎక్కువ. 2024లో దాదాపు 5 లక్షల మంది ధ్రువపత్రం తీసుకున్నారు, వారిలో సారియా నుంచి బయలుదేరినవారే పెద్ద వాటా. జూలై 25 యాకోబు పండుగ. అది ఆదివారం నాడు పడిన సంవత్సరాన్ని పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. 2027 అటువంటిదే కనుక ఆ ఏడు గదులు చాలా ముందుగా నిండిపోతాయి. మనవాళ్ళకు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఎండ రాకముందే సగం దూరం లాగించేయడం అలవాటు. గలీసియాలో ఇది పనికిరాదు: సెప్టెంబరులో అక్కడ ఉదయం ఎనిమిది దాకా చీకటే, జూన్‌లో రాత్రి పది దాకా వెలుగే. ఏ నెలలో వెళ్ళినా వాన తప్పదనుకుని సిద్ధపడాలి.

ఇప్పుడు అసలు సంగతి, అంటే కాళ్ళ తయారీ. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో ముగించినవారు మన జిల్లాలలో కొల్లలుగా ఉన్నారు. వారికి 22 కిలోమీటర్లు లెక్కలోకి రాదనిపిస్తుంది. ప్రదక్షిణ మరునాడు ఇంట్లో పడుకోవచ్చు, ఇక్కడ మరునాడు మళ్ళీ నడవాలి, తేడా అంతా అక్కడే ఉన్నది. కనుక కనీసం మూడు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు గంటసేపు నడవడంతో మొదలుపెట్టి, చివరి ఆరు వారాలలో శని, ఆదివారాలు రెండూ వరుసగా దూరం నడవాలి. విజయనగరం వారికి రామతీర్థం దారి సరిగ్గా సరిపోతుంది: వెళ్ళడానికి సుమారు 12 కిలోమీటర్లు, అక్కడ బోధికొండ మెట్లు ఎక్కి దిగి తిరిగి వస్తే ఒక రోజు కోటా పూర్తవుతుంది. శ్రీకాకుళం వారు అరసవల్లి మీదుగా శ్రీకూర్మం వెళ్ళి రావచ్చు. కానీ అది పూర్తిగా చదును కనుక ఎత్తుపల్లాల కోసం శాలిహుండం కొండను చేర్చుకోవాలి. సారియా బాటలో పెద్ద పర్వతాలు లేకపోయినా ఎక్కడం, దిగడం రోజంతా సాగుతూనే ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆయాసమే వస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళూ కాలిగోళ్ళూ పాడవుతాయి. అందుకని దిగుడును ప్రత్యేకంగా సాధన చేయాలి, నడక కర్రలు రెండూ అప్పుడే అలవాటు చేసుకోవాలి.

బూట్ల విషయంలో మన ఇబ్బంది మనకు ఉన్నది. చిన్నప్పటి నుంచి చెప్పులతోనో ఉత్త కాళ్ళతోనో తిరిగిన పాదం ముందు భాగంలో వెడల్పుగా ఉంటుంది. సన్నటి మూతి ఉన్న బూటు కొంటే రెండవ రోజుకే చిటికెన వేలు చితికిపోతుంది. వేళ్ళ దగ్గర వెడల్పు ఉన్నది చూసి, సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మేజోళ్ళు తొడుక్కుని వెళ్ళి కొనాలి. బొటనవేలి ముందు ఒక వేలెడు జాగా మిగలాలి. నూలు మేజోళ్ళు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెప్పిస్తాయి కనుక ఉన్నివో, నడక కోసమే చేసినవో వాడాలి. కొత్త బూట్లతో విమానం ఎక్కకూడదు. ఆషాఢ శ్రావణాల వానలో కనీసం ఒక పూట వాటిని పూర్తిగా తడిపి నడిచి చూస్తే, తడిసినప్పుడు ఎక్కడ ఒరుస్తున్నదో ఇక్కడే తెలిసిపోతుంది. నడకలో పాదం మీద ఎక్కడైనా వేడిగా చురుక్కుమన్నట్టు అనిపిస్తే తరువాతి ఊరు దాకా ఆగకుండా, గైడు వేచి ఉండవలసి వచ్చినా సరే, అక్కడే కూర్చుని టేపు వేసుకోవాలి.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు నడక మొదలుపెట్టకముందే వైద్యుని సలహా తీసుకోవాలి. మందులు మొత్తం రోజులకు సరిపడా, చీటీతో సహా, చేతి సంచీలోనే ఉంచుకోవాలి. అక్కడ అత్యవసర నంబరు 112.

పెద్ద పెట్టె వాహనంలో వెళుతుంది కనుక వీపు మీద నీళ్ళు, రెయిన్ కోటు, టేపు, ఒక జత మేజోళ్ళు, పాస్‌పోర్టు ఉంటే చాలు. వీటితో పాటు క్రెదెన్సియాల్ అనే యాత్రికుల పుస్తకం ఉండాలి. రోజుకు రెండు చోట్ల, చర్చిలోనో హోటలులోనో దారిలోని కాఫీ దుకాణంలోనో, అందులో తేదీతో ముద్ర వేయించుకోవాలి. గైడు వేయిస్తారులే అని ఊరుకోవద్దు. మధ్యాహ్నం ఒకటి, బస చేరాక ఒకటి అని నియమం పెట్టుకుంటే మరపు ఉండదు.

దారి తప్పుతామన్న భయం అక్కరలేదు. ఓ సెబ్రేరో గ్రామపు ఫాదరు ఎలియాస్ వలీన్యా 1980లలో వేయడం మొదలుపెట్టిన పసుపు బాణాలు నేటికీ ప్రతి మలుపులో కనిపిస్తాయి, గలీసియాలో ఆల్చిప్ప గుర్తు ఉన్న రాళ్ళపై మిగిలిన దూరం చెక్కి ఉంటుంది. ఫెర్రేయిరోస్ దగ్గరి రాయి మీద 100,000 అని కనబడితే కంగారు పడనక్కరలేదు; స్పెయిన్‌లో దశాంశ బిందువు స్థానంలో కామా పెడతారు, అది సరిగ్గా నూరు కిలోమీటర్లు. ఆ మొదటి రోజు సాయంత్రం మీన్యో నది మీది ఎత్తయిన వంతెన దాటగానే పోర్తోమరీన్ ఊరిలోకి నిటారైన రాతి మెట్లు ఎదురవుతాయి. వాటికోసం కొంచెం శక్తి దాచుకోవాలి. 1960లలో బెలెసార్ జలాశయం కింద పాత ఊరు మునిగినప్పుడు సాన్ నికొలాస్ చర్చిని రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి, పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. కొన్ని రాళ్ళ మీద ఆ అంకెలు ఇప్పటికీ చదవవచ్చు. హిరమండలం జలాశయం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన సంగతి తెలిసిన మనవాళ్ళు అక్కడ కొంచెంసేపు ఎక్కువే నిలబడతారు. అర్సువా దాటాక దారి చాలాదూరం జామాయిల్ చెట్ల మధ్యగా సాగుతుంది.

భోజనం మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు, రాత్రి ఎనిమిదికి ముందు దొరకడం కష్టం. మధ్యలో తినడానికి వేరుసెనగ ఉండలో జీడిపప్పో సంచీలో ఉండాలి. మెలీదెలో ఉడికించిన ఆక్టోపస్ ప్రసిద్ధి. ఆకుకూర, చిక్కుడు గింజలు, బంగాళాదుంపలతో చేసే గలీసియా సూపులో తరచు పంది మాంసం పడుతుంది కనుక శాకాహారులు ముందే అడగాలి. బంగాళాదుంప అట్టు అని చూపించే తోర్తీయాలో గుడ్డు ఉంటుంది. మాంసం, పాల పదార్థాలు ప్రయాణికుల సామానులో ఐరోపా కూటమిలోకి తేవడం నిషేధం. కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి, కోవా ఇంట్లోనే వదిలి, కందిపొడి, ఆవకాయ గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు.

శాంటియాగో చేరిన రోజే తిరుగు విమానం పెట్టుకోకూడదు. యాత్రికుల కార్యాలయానికి ముందుగా ఆన్‌లైన్‌లో వివరాలు నింపి, క్రెదెన్సియాల్ చూపిస్తే ధ్రువపత్రం ఉచితంగా ఇస్తారు. యాత్రికుల పూజకు వీపు సంచులతో కథీడ్రల్‌లోకి రానివ్వరు కనుక హోటలులో దింపి వెళ్ళాలి. పై నుంచి ఊగే 53 కిలోల ధూపపాత్ర బోతఫుమేయిరోను కొన్ని పండుగలలోనూ, ఎవరైనా ప్రత్యేకంగా కానుక చెల్లించినప్పుడూ మాత్రమే ఊపుతారు. ప్యాకేజీ కరపత్రంలో దాని బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ రోజు చూడగలమని అనుకోవద్దు. 12వ శతాబ్దంలో మాస్టర్ మతేవో అనే శిల్పి చెక్కించిన, కథీడ్రల్‌లోని మహిమ ద్వారం చూడడానికి వేరే టికెట్టు కొనాలి. ఇంకొక రోజు చేతిలో ఉంటే అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఫినిస్తెర్రె అగ్రానికి బస్సులో వెళ్ళి రావచ్చు.