దత్తత బిడ్డకు రొమ్ముపాలు పట్టడం ఎలా?

కనకుండా పాలెలా పడతాయమ్మా అని మా అత్తయ్య అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పాలు ఊరడానికి గర్భసంచి అక్కర్లేదు. బిడ్డ చప్పరిస్తే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ను, ఆక్సిటోసిన్‌ను వదులుతుంది. మొదటిదానితో పాలు ఊరతాయి, రెండోదానితో చేపుకొస్తాయి. కన్నతల్లికి తొమ్మిది నెలల్లో హార్మోన్లు రొమ్మును సిద్ధం చేసి పెడతాయి. ఆ పని మనం విడిగా చేసుకోవాలి. (ఇక్కడ అందరూ యశోదమ్మను తలుచుకుంటారు. ఆవిడకు ఆ రాత్రే పురుడొచ్చిందని, పాలకు లోటు లేదని మరిచిపోతారు.)

ముందు లెక్క తెలుసుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకు కిలోకు రోజుకు సుమారు 150 మి.లీ. పాలు కావాలి. మా పాప వచ్చినప్పుడు 5 కిలోలు, అంటే 750 మి.లీ. ఎంత తంటాలు పడ్డా నాకు పడ్డవి రోజుకు 60 మి.లీ. కొందరికి ఎక్కువ పడతాయి, కొందరికి చుక్కలే. కడుపు నింపేది డబ్బా పాలేనని మొదట్లోనే ఒప్పుకుంటే సగం టెన్షన్ పోతుంది.

1. కబురు రాకముందే డాక్టరు దగ్గరికి

దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా (CARA) వెయిటింగ్ లిస్టులో ఏళ్లు గడుస్తాయి. తీరా బిడ్డ వివరాలు వచ్చాక రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలే టైమ్. పాలు పడటానికి మాత్రం నెలలు కావాలి. అందుకే లిస్టులో పేరు పైకి వస్తున్నప్పుడే గైనకాలజిస్టును, దొరికితే లాక్టేషన్ కన్సల్టెంట్‌ను (పాలు పట్టడంలో సలహాలిచ్చేవారిని) కలవండి. గర్భం వచ్చినట్టు శరీరాన్ని నమ్మించడానికి కొందరికి కొన్ని నెలలు హార్మోన్ మాత్రలు ఇచ్చి, తర్వాత ఆపేస్తారు. బీపీ ఉన్నవాళ్లకు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు అవి పనికిరాకపోవచ్చు. పాలు పెరగడానికి డోంపెరిడోన్ అనే మందు కూడా రాస్తుంటారు. అది గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉంది కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు. మెంతులు, వెల్లుల్లి, పాలసొర కూర తినాలనిపిస్తే తినండి, పాలకు మాత్రం వాటినే నమ్ముకోకండి.

2. పంపు

రొమ్ములోంచి పాలు లాగే పంపును డాక్టరు చెప్పిన రోజు నుంచి పెట్టుకోవాలి: రెండు మూడు గంటలకోసారి, రోజుకు ఎనిమిది సార్లు, ఒక్కో వైపు పదిహేను నిమిషాలు. ఒకసారి అర్ధరాత్రి కూడా తప్పదు, ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. ఎలక్ట్రిక్ పంపు అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి. మొదటి రోజుల్లో సీసాలోకి ఏమీ రాదు. నేను ఆఫీసులో స్టోర్ రూమ్‌కు గడియ పెట్టుకుని, ఖాళీ సీసా చూస్తూ కూర్చునేదాన్ని.

3. ఇంటికి తెచ్చే ముందు అడగాల్సినవి

కన్నవాళ్లే అప్పగించిన బిడ్డ విషయంలో వాళ్లు మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. వదిలేసిన బిడ్డకైతే విచారణ జరగాలి. కాబట్టి మన చేతికొచ్చే బిడ్డకు సాధారణంగా రెండు మూడు నెలలు దాటి ఉంటాయి, సీసాకు అలవాటై ఉంటుంది. హైదరాబాద్ మధురానగర్‌లోని శిశువిహార్ కావచ్చు, మరో కేంద్రం కావచ్చు, అక్కడి ఆయాతో కాసేపు కూర్చోండి. ఏ పాలు, ఎన్నింటికి, ఏ చెయ్యి మీద పడుకోబెట్టి పట్టేవారు, ఏమని పిలిచేవారు? బిడ్డ వాడిన, ఉతకని దుప్పటి ఒకటి ఇమ్మనండి. నేను అడగలేదు. కొత్త ఇంట్లో, కొత్త వాసనల మధ్య పాప మూడు రాత్రులు ఏడ్చింది.

4. రొమ్ము పట్టించడం

ఆకలితో గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు ప్రయత్నించకండి. సగం నిద్రలో ఉన్నప్పుడు, కొంచెం సీసా పాలు తాగి నెమ్మదించాక, చొక్కా తీసేసి ఒంటికి ఒళ్లు ఆనించుకుని పడుకోండి. తనే వెతుక్కుంటే సరే, తల తిప్పేసుకుంటే వదిలేయండి. బలవంతపెడితే రొమ్మంటేనే భయపడుతుంది.

నాకు పనికొచ్చింది ట్యూబ్. మెడికల్ షాపులో 5 నంబరు ఫీడింగ్ ట్యూబ్ అంటే ఇస్తారు, వాడకం మాత్రం నర్సు దగ్గర నేర్చుకోండి. ఒక కొసను డబ్బా పాలున్న గిన్నెలో ముంచి, రెండో కొస చనుమొనను కాస్త దాటేలా టేపుతో అంటించాలి. బిడ్డ చప్పరించినప్పుడల్లా పాలు ట్యూబ్‌లోంచి వస్తాయి, మన రొమ్ముకూ పని పడుతుంది. గిన్నె పైకెత్తితే ధార పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. మొదటిరోజు గిన్నె మరీ ఎత్తి పెట్టాను, పాపకు పొలమారింది. అయిపోగానే ట్యూబ్‌ను వేడినీళ్లతో కడగాలి, ఆరిన పాలు లోపల పట్టేస్తే ఇక వదలవు. ట్యూబ్ కుదరకపోతే ఉగ్గుగిన్నె, సీసా ఉండనే ఉన్నాయి. సీసా పట్టేటప్పుడు కూడా ఒళ్లోనే, కళ్లలోకి చూస్తూ పట్టండి.

5. కడుపు నిండిందా?

రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోయాలి, టీకాకు వెళ్లినప్పుడల్లా బరువు పెరుగుతుండాలి. మీ పాలు పెరగాలని డబ్బా పాలు తగ్గించకండి, పలచనా చేయకండి. ఏడాది లోపు డబ్బా పాలకు బదులుగా ఆవుపాలు, గేదెపాలు వద్దు. హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది గానీ ఆ పాలు ముందుగా వెళ్లేది నెలలు నిండని, జబ్బుపడ్డ పిల్లలకు. తెలిసినవాళ్ల పాలు పరీక్షలు చేయించకుండా పట్టకండి.

6. చుట్టాలు

అందరూ ఎత్తుకుంటారు, ఒక్కసారి నేను పాలు పడతానంటారు. మొదటి కొన్ని వారాలు పాలు పట్టేది అమ్మానాన్నలే అని ఇంట్లో గట్టిగా చెప్పండి. ఉయ్యాల ఫంక్షన్ తర్వాత చేసుకోవచ్చు. మా వదిన అలిగింది, నెల తర్వాత తనే సర్దుకుంది.

ఆరు నెలలు నిండాక ఉగ్గు, మెత్తటి పప్పన్నం మొదలవుతాయి. మా పాప తొమ్మిదో నెలలో ట్యూబ్‌ను తనే పీకేసింది. డబ్బా పాలు గ్లాసులో తాగేది, నిద్రకు మాత్రం నా దగ్గరికే వచ్చేది. పంపును అప్పటికే అటక మీద పెట్టేశాను.