పాత బుల్లెట్ ఇంజిన్‌లో కొత్త చప్పుడు: విప్పే ముందు చేయవలసిన పరీక్ష

చెన్నైలోని తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఎంత మంచి స్థితిలో ఉన్నా నిశ్శబ్దంగా నడిచే బండి కాదు. 70 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గల ఆ 346 సీసీ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే పుష్‌రాడ్లు, టైమింగ్ పళ్లచక్రాలు, ఇంజిన్ నుంచి క్లచ్చుకు శక్తినందించే ప్రైమరీ చైను తలా ఒక చప్పుడు చేస్తూనే ఉంటాయి. నిన్నటి దాకా లేని చప్పుడు ఈ రోజు వినిపిస్తే మాత్రం దాని సంగతి చూడాలి. చెన్నైలో బండ్ల విడిభాగాల బజారైన పుదుప్పేటలోనైనా మరెక్కడైనా బండి ఆపిన మరుక్షణమే ఇంజిన్ విప్పుదామనే మెకానిక్కు ఎదురుపడవచ్చు. చప్పుడు ఏ చోట, ఏ లయలో, ఏ పరిస్థితిలో వస్తోందో తేల్చుకోకుండా అందుకు ఒప్పుకోనక్కరలేదు.

పరీక్షకు తెల్లవారుజామే అనువైన సమయం. రాత్రంతా నిలిపిన ఇంజిన్ చల్లగా ఉంటుంది, వీధిలో రద్దీ కూడా ఉండదు. అపార్ట్‌మెంటు కింద, స్తంభాల మధ్య వింటే ప్రతిధ్వని వల్ల మోసపోతాం కనుక బండిని ఆరుబయటికి తేవాలి. ముందుగా ఆయిల్ మట్టం చూసి, టూల్‌బాక్సు, మడ్‌గార్డు కడ్డీలు, సైలెన్సర్ క్లాంపు చేత్తో ఊపి బిగించాలి. ఇంజిన్ జబ్బుగా భావించినవి కొన్ని ఇక్కడే నయమవుతాయి.

తరువాత పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి దగ్గర ఆనించి, మొనను ఇంజిన్ మీద ఒక్కొక్క చోట ఉంచి, చప్పుడు సైలెన్సర్ దెబ్బతో ఎలా కలుస్తోందో లెక్కించాలి. వాల్వులను కదిలించే క్యామ్ చక్రం, పిస్టన్ తిప్పే క్రాంకు వేగంలో సగంతో తిరుగుతుంది; సైలెన్సర్ దెబ్బ కూడా క్రాంకు రెండు చుట్లకు ఒక్కసారే పడుతుంది. అందువల్ల ఒక్కొక్క ‘డుగ్గు’కు ఒకసారి చొప్పున సన్నగా ‘టిక్’ మంటే వాల్వుల వైపు, రెండేసి సార్లు కొడితే క్రాంకు వైపు అనుమానించాలి.

టిక్కుమనే చప్పుడు కుడివైపు నుంచి వస్తే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ప్లగ్గు తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకొసకు తెచ్చి, టాపెట్ కవరు విప్పాలి. పుష్‌రాడ్డు వేళ్ల మధ్య సులువుగా తిరగాలి గాని, పైకీ కిందికీ ఆడకూడదు. ఆడితే లాక్ నట్టు వదులు చేసి సరిచేయాలి. చప్పుడు పూర్తిగా పోవాలన్న పట్టుదలతో మరీ బిగిస్తే వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిపాటి టిక్కు వినిపించడమే మేలు. ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లున్న తరువాతి యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్లకు ఈ సర్దుబాటు వర్తించదు.

అచ్చం టాపెట్‌లాగే వినిపించేది ఇంకొకటి ఉంది: హెడ్డు దగ్గర సైలెన్సర్ పైపు లీకు. అతుకు చుట్టూ నల్లని మసి కనిపిస్తే అదే కారణం.

ఎడమ కవరులో గలగలమంటే ప్రైమరీ చైను వదులైందని భావించవచ్చు. కవరు విప్పి చూస్తే దాని ఆట సుమారు పావు అంగుళం ఉండాలి. చల్లటి ఇంజిన్‌లో మొద్దుగా టకటకలాడి, వేడెక్కాక తగ్గేది పిస్టన్ చప్పుడు. అల్యూమినియం పిస్టన్ ఇనుప బోరు కన్నా ఎక్కువగా వ్యాకోచించడమే అందుకు కారణం కనుక, పొగ లేకపోతే బోరు పని కొంతకాలం ఆగవచ్చు. చెన్నైలోని కత్తిపారా ఫ్లైఓవర్ టాప్ గేరులో ఎక్కుతుండగా రేకు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్లు వినిపిస్తే, పాయింట్ల గ్యాపు, ఇగ్నిషన్ టైమింగు చూపించాలి.

లోపలి నుంచి ‘దబ్ దబ్’ మని బరువుగా వచ్చి, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పెరిగే చప్పుడు మాత్రం వేరు. అది బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే కింది కొస) అరుగుదల కావచ్చు కనుక బండిని అక్కడే ఆపి, వ్యానులో ఎక్కించి తీసుకెళ్లాలి. ఆయిల్‌ను తెల్లని గుడ్డలో వడకట్టినప్పుడు మెరిసే లోహపు పొడి మిగిలితే క్రాంకు విప్పక తప్పదు. కనెక్టింగ్ రాడ్ కిట్ మార్పించే రోజునే ఆయిల్ పంపులను కూడా విప్పించి చూడాలి.