బంగాళాదుంపతో ఎంజైమ్ పరీక్ష

పర్లాకిమిడిలో మా ట్యూషన్ పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఎంజైమ్ (కణాల్లో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్) గురించి వాళ్లకు నేను బంగాళాదుంపతోనే చెబుతాను.

దుంప తొక్క తీసి నాలుగు ముక్కలు కోయండి. ఒకటి గాలికి వదిలేయండి, ఒకటి నీళ్లలో ముంచండి, ఒకదానికి నిమ్మరసం బాగా పట్టించండి, నాలుగోది లోపలిదాకా ఉడికించి తీయండి. గంట తర్వాత చూస్తే గాలికి వదిలిందే ఎక్కువ రంగు మారి ఉంటుంది.

ఇది పాలీఫినాల్ ఆక్సిడేజ్ పని, రాగి ఉన్న ఎంజైమ్. కణంలో ఇది ప్లాస్టిడ్లనే చిన్న భాగాల్లో, ఫినాల్స్ అనే మొక్క రసాయనాలు ఎక్కువగా రిక్తికలో (కణంలోని ద్రవపు సంచిలో), విడివిడిగా ఉంటాయి. కత్తి పడగానే రెండూ కలుస్తాయి. ఆక్సిజన్ తోడై ఫినాల్స్ క్వినోన్లనే వేరే పదార్థాలవుతాయి, అవి గొలుసుకట్టి గోధుమరంగు తేలుతుంది. నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. నిమ్మ పులుపు ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది, అందులోని విటమిన్ సి క్వినోన్లను మళ్లీ ఫినాల్స్‌గా మారుస్తుంది. వేడికి ఎంజైమ్ ఆకారమే చెడిపోతుంది.

పురుగు ఆకు కొరికినా ఇదే జరుగుతుందని పిల్లలకు తప్పకుండా చెప్పండి. క్వినోన్లు ఆకులోని ప్రోటీన్లను పట్టుకుని, పురుగుకు సరిగా అరగనివ్వవు. మొక్కకు ఇది రక్షణ. నాకైతే పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ముక్కలు పలచగా కోస్తే తేడా త్వరగా తెలుస్తుంది.